ఫుర్సత్‌గంజ్‌లో లైసెన్సు, పట్టా ఇరుగుపొరుగున

ఉత్తరప్రదేశ్‌లోని అమేఠీ జిల్లాలో, రాయ్‌బరేలీ పట్టణానికి చేరువలో, గోధుమ పొలాల నడుమ ఉన్న ఫుర్సత్‌గంజ్‌ను సమీపించే సందర్శకునికి పెద్ద విమానాశ్రయపు హడావిడి ఏదీ కనబడకపోయినా, చిన్న శిక్షణ విమానాల మోత మాత్రం దూరం నుంచే వినిపిస్తుంది. కేంద్ర ప్రభుత్వం 1980ల మధ్యలో నెలకొల్పిన ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీ ఇక్కడే ఉంది. 2013 నాటి పార్లమెంటు చట్టంతో ఏర్పడిన రాజీవ్‌గాంధీ జాతీయ విమానయాన విశ్వవిద్యాలయం దానికి పొరుగునే ఉంది. మొదటిది ప్రధానంగా లైసెన్సుకు శిక్షణ ఇచ్చేది, రెండవది పట్టాలు ఇచ్చేది గనుక, పైలట్ కాగోరే యువతకు కళాశాల డిగ్రీ అవసరమా అన్న ప్రశ్నను పరిశీలించడానికి ఇంతకన్న తగిన చోటు దొరకడం కష్టం.

చట్టం చెప్పేది స్పష్టమే. జీతం తీసుకుని విమానం నడపడానికి అనుమతినిచ్చే వాణిజ్య పైలట్ లైసెన్సును పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీసీఏ, జారీ చేస్తుంది. దానికి 18 ఏళ్ల వయసు, ఇంటర్ స్థాయిలో గణిత, భౌతికశాస్త్రాలు, మొదటి తరగతి వైద్య ధ్రువపత్రం, రాత పరీక్షల్లో ఉత్తీర్ణత, 200 గంటల విమానయానం అన్నవి దశాబ్దాలుగా నడుస్తున్న ప్రధాన నిబంధనలు. పెద్ద విమానానికి కెప్టెన్ కావాలంటే 1500 గంటల అనుభవంతో మరో పై లైసెన్సు పొందాలి. ఈ రెంటిలో దేనికీ డిగ్రీ అడగరు.

అయితే డిగ్రీ అక్కరలేదంటే చదువు అక్కరలేదని అర్థం చేసుకునేవారు ఇక్కడి విమానాల వరుస వద్ద కాసేపు నిలబడవలసి ఉంటుంది. ఎగరబోయే ముందు విద్యార్థి విమానం చుట్టూ తిరిగి, రెక్కల అంచున కదిలే పలకలను చేత్తో ఆడించి చూసి, ఇంజిన్ నూనె మట్టం సరిచూసి, ట్యాంకు అడుగునుంచి కొద్దిగా ఇంధనాన్ని పారదర్శకమైన గొట్టంలోకి పట్టి, అందులో నీరు చేరిందేమోనని వెలుతురుకు ఎత్తి పరిశీలిస్తాడు. ఆ తరువాత సాగే తొలి అభ్యాసాన్ని సర్క్యూట్ అంటారు: రన్‌వేపై నుంచి లేచి, నాలుగు మలుపులు తిరిగి, అదే రన్‌వేపై దిగి, శిక్షకుడు ఇక ఒంటరిగా పంపవచ్చునని నమ్మేదాకా అదే పనిని మళ్లీ మళ్లీ చేయడం. మే నెల మధ్యాహ్నం వేడికి గాలి పలచబడితే విమానం లేవడానికి ఎంత ఎక్కువ దూరం పరుగెత్తాలో, పక్కగాలి వీస్తుంటే ముక్కును ఎన్ని డిగ్రీలు తిప్పి పట్టాలో విద్యార్థి ముందే లెక్కగట్టాలి. డిసెంబరు, జనవరి నెలల్లో గంగా మైదానాన్ని కప్పే పొగమంచు ఎందుకు పడుతుందో, ఎప్పుడు విడుతుందో వాతావరణ శాస్త్ర పాఠంలో నేర్వాలి. విమాన మార్గ నిర్ణయం, విమానయాన నియమాలు, ఇంజిన్ల సాంకేతిక విజ్ఞానం వీటికి తోడు. పట్టా చేతికి రాని చదువు చదువే కాదన్న భావన ఈ గదుల్లో నిలవదు.

పొరుగు విశ్వవిద్యాలయం ఎవరి పేరు పెట్టుకుందో ఆయన జీవితమే ఈ విషయంలో గమనించదగినది. రాజీవ్‌గాంధీ కేంబ్రిడ్జిలోను, లండన్ ఇంపీరియల్ కళాశాలలోను చదివినా పట్టా పొందకుండానే స్వదేశానికి వచ్చి, ఢిల్లీ ఫ్లయింగ్ క్లబ్‌లో శిక్షణ పొంది, రాజకీయాల్లోకి రాకముందు ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో పైలట్‌గా పనిచేశారు.

మరి పట్టాకు ఉన్న విలువ ఏమిటంటే, అది విమానం నడపడానికి కాక, నడపలేని రోజులకు పనికివస్తుంది. మొదటి తరగతి వైద్య ధ్రువపత్రాన్ని పరీక్ష చేయించుకుని ఏటా పునరుద్ధరించుకోవాలి. గుండెకో కంటికో నరాలకో జబ్బు వస్తే లైసెన్సు చేతిలో ఉన్నా విమానం ఎక్కనివ్వరు. 2012లో కింగ్‌ఫిషర్, 2019లో జెట్ ఎయిర్‌వేస్ మూతపడినప్పుడు ఆరోగ్యంగా, అనుభవంతో ఉన్న పైలట్లు సైతం జీతాలు లేక రోడ్డున పడ్డారు. అకాడమీలో లైసెన్సు శిక్షణతో పాటు బీఎస్సీ చదువుకునే వీలు కల్పించి, దానిని ఐచ్ఛికంగా ఉంచడం అందువల్ల వివేకమైన ఏర్పాటు.

అమెరికాలో లెక్క వేరు. అక్కడ ఎయిర్‌లైన్ పైలట్‌కు సాధారణంగా 1500 గంటల అనుభవం కావాలి, గుర్తింపు పొందిన విశ్వవిద్యాలయం నుంచి విమానయాన పట్టా ఉంటే 1000 గంటలతో పరిమిత లైసెన్సు ఇస్తారు గనుక, డిగ్రీ అక్కడ కాలాన్ని ఆదా చేస్తుంది. అయినా నాలుగేళ్ల పట్టా తప్పనిసరి అన్న నిబంధనను డెల్టా విమానయాన సంస్థ 2022లో ఎత్తివేసింది. భారతదేశంలో పట్టా ఒక్క గంటను కూడా తగ్గించదు. ఇంజినీరింగు ముగించాకే విమానం మాట ఎత్తమని పట్టుబట్టే తెలుగు తల్లిదండ్రులు ఈ తేడాను గమనించాలి: వారు కోరే భద్రత న్యాయమైనదే, కాని దాన్ని లైసెన్సు వచ్చాక దూరవిద్య ద్వారా కూడా సమకూర్చుకోవచ్చు. శిక్షణకయ్యే ఖర్చు లక్షల్లో ఉంటుంది, చాలా కుటుంబాలు అప్పుచేసే కడతాయి. కాబట్టి అకాడమీకైనా విశ్వవిద్యాలయానికైనా రుసుము చెల్లించే ముందు, డీజీసీఏ గుర్తించిన వైద్యుల వద్ద రెండవ తరగతి పరీక్షతో మొదలుపెట్టి మొదటి తరగతి పరీక్షను కూడా పూర్తిచేసుకోవడం అన్నిటికన్న ముందు జరగవలసిన పని.