మదనపల్లె నుండి కుప్పము వఱకు

చిత్తూరు సీమకు పడమటి దిక్కున మదనపల్లె, పుంగనూరు, కుప్పము అను మూడు పట్టణములు కలవు. ఇవి గొప్ప యాత్రాస్థలములని పేరుపొందినవి కావు. తిరుపతికి పోవువారు కిటికీలోనుండి చూచి పోవుదురు. బెంగుళూరున నుద్యోగము చేయుచు వారమునకు రెండు దినములే తీరిక గల నావంటివారికి మాత్రము ఈ దారి మిక్కిలి యనుకూలము. శనివారము తెల్లవాఱి బయలుదేరినచో సుమారు 120 కిలోమీటర్ల దూరమున మదనపల్లె. అచ్చటినుండి బస్సులు మాఱుచు పుంగనూరు, పలమనేరు, వెంకటగిరికోట మీదుగా కుప్పము. ఆదివారము సాయంకాలము కుప్పమున రైలెక్కిన రాత్రికి మరల బెంగుళూరు. ఒక చేసంచి చాలును. తోడక్కఱలేదు.

ఈ "తోడక్కఱలేదు" అను మాట యొద్దనే మా యింట తగవు. నాకిప్పుడు 31 ఏండ్లు. నా సంపాదనమును గూర్చి మా తల్లిదండ్రులకు సంతోషమే. నా సంచారమును గూర్చియే దిగులు. మొన్న వచ్చిన సంబంధమువారు మధ్యవర్తిచే నొక షరతు చెప్పి పంపిరి. కట్నకానుకల పట్టింపు లేదట, ఉద్యోగమును చేసికొనవచ్చునట. పెండ్లియైన పిమ్మట ఒంటరి తిరుగుడు మాత్రము మానవలెనట. "ఆదివారములోగా నీ మాట చెప్పవమ్మా" యని నాన్నగారు ఫోనులో ననిరి. ఆ మాటను మూటగట్టుకొనియే యీ తడవ బయలుదేరితిని.

మదనపల్లె చల్లని యూరు. కాలమున వచ్చినచో మార్కెటంతయు టమాటాలతో నెఱ్ఱబాఱి యుండును. 1915లో అనీ బిసెంటుగారు స్థాపించిన దివ్యజ్ఞాన కళాశాల యిచ్చటనే కలదు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరుగా రిచ్చట విడిసి "జనగణమన"ను ఆంగ్లమున ననువదించిరి. దానికి స్వరము కూర్చుటలో తోడ్పడినది మార్గరెట్ కజిన్సు అను ఐర్లండు వనిత. పాట సంగతి యెల్లరును చెప్పుదురు. ఆమె చేసిన తక్కిన పనిని చెప్పువారు తక్కువ. కళాశాలలో పనిచేయు భర్తతో నీ యూరికి వచ్చిన యామె, స్త్రీల నొకచోట చేర్చి మాటలాడించుటకు పూనుకొనెను. 1917లో మదరాసున భారత మహిళా సంఘమును, 1927లో పూనాయందు అఖిల భారత మహిళా సభయు నేర్పడుటకు పాటుపడినవారిలో నామె ముఖ్యురాలు. బాల్యవివాహములను మాన్పుటకై 1929లో వచ్చిన శారదా చట్టమునకు ఆ సభవారు గట్టిగా పట్టుబట్టిరి. ఆడపిల్లకు పదునాలుగేండ్లు నిండువఱకైన నాగుడని పెద్దలను బతిమాలవలసి వచ్చిన కాలమది! నేడు చట్టము 18 అనుచున్నది. ఏది తొందర, ఏది యాలస్యము అని తీర్పు చెప్పు నధికారము మాత్రము ఇరుగుపొరుగువారు తమయొద్దనే యుంచుకొనిరి.

మదనపల్లెకు దగ్గరనే హార్సిలీ కొండ కలదు. ఎత్తు 4,000 అడుగులకు మించును. కడప కలెక్టరైన హార్సిలీ దొర పందొమ్మిదవ శతాబ్దమున నిచ్చట నిల్లు కట్టుకొనుటచే నీ పేరు వచ్చినది. అంతకు మున్నిది ఏనుగు మల్లమ్మ కొండ. ఏనుగులు పెంచిన మల్లమ్మ యను బాలిక యీ కొండపై నుండెనని జనుల చెప్పుకోలు. ఆమెకు గుడియును కలదు. ఆమెకు పెండ్లి యెప్పుడని ఏనుగు లడిగినట్లు కథలో లేదు. కొండపైని పర్యాటకశాఖవారి విడిది కలదు గావున బస చిక్కుపడదు. క్రింద నొక యూరిలో మాత్రము, పేరెందుకు, "ఒంటరి ఆడవారికి గది యియ్య" మని నన్ను త్రిప్పి పంపినారు. అట్టివారున్నారు గనుక సోదరీమణులు ముందుగా విచారించుకొని పోవుట మేలు.

2025 ఆగస్టు 15 నుండి ఆంధ్రప్రదేశమున పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు చార్జీ లేదు. ఆధారు కార్డు చూపిన చాలును. మదనపల్లెలో పుంగనూరు బస్సెక్కితిని. ప్రక్కన నొక యవ్వ కూర్చుండెను, డెబ్బదియైదేండ్లుండును.

"పాపా, యా వూరు మీది? మొగుడు రాలేదా?"

"పెండ్లి కాలేదవ్వా" యంటిని. ఉపన్యాసమునకు సిద్ధముగా నుంటిని.

"కాకుంటే పోనీలే. నాకు పన్నెండేండ్లకే జేసిరి. బస్సెక్కల్లంటే మామను అడగల్ల, మొగున్ని అడగల్ల, ఆమీట కొడుకును దుడ్లడగల్ల. ఇబ్బుడు ఎవుర్నీ అడగబళ్ళేదు. మా చెల్లెల్ని సూసి పదేండ్లాయ. మొన్న రెండు తూర్లు పోయొస్తి" అనెను.

లెక్కవేసి చూడుడు. శారదా చట్టము వచ్చిన ముప్పదేండ్లకు పైని జరిగిన పెండ్లి యది! పుంగనూరిలో నవ్వ దిగిపోయెను. నాకు సంచిలోనుండి రెండు జామకాయలు తీసి యిచ్చెను.

పుంగనూరు పేరు ఆవులచే ప్రసిద్ధము. మూడడుగులైన నెత్తులేని యీ పొట్టి జాతి కఱవుసీమ గడ్డితో బ్రతుకుచు చిక్కని పాలిచ్చును. సంకరజాతుల మోజులో నిది నశించు స్థితికి వచ్చినది. పలమనేరు పశుపరిశోధన స్థానమువారు కాపాడుచున్నారు. జమీందారుల యేలుబడిలో నుండిన యూరు గనుక పాత కట్టడములును గలవు. ఎండ మండుటచే నేను వానిని నిలిచి చూడలేదు.

పలమనేరు దాటిన పిమ్మట కౌండిన్య యభయారణ్యము. అడవి యేనుగులు తిరుగుచుండును గావున నీ త్రోవను పగటివేళనే పోవలెను. కుప్పమున తెలుగు, తమిళము, కన్నడము మూడును వీథిలో వినబడును. అంగడివాడు ఒక భాషలో ధర చెప్పి వేఱొక భాషలో బేరమాడును. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయము నెలకొన్నది. మే నెలలో ప్రసన్న తిరుపతి గంగమ్మ జాతర జరుగును. ఆడువారిని చెఱపట్టు పాలెగాని వెంటాడి చంపిన గంగమ్మ కథను ఈ సీమలో నెఱుగనివారు లేరు. నేను పోయిన దినమున గుడి ప్రశాంతముగా నుండెను. కుంకుమ పెట్టించుకొని స్టేషనునకు నడచితిని.

అచ్చటనుండి నాన్నగారికి ఫోను చేసితిని. "నాన్నగారూ, ఒంటరిగా పోవుట మానను. తోడు వచ్చెదనన్నవారిని కాదనను. వారి యబ్బాయి శని యాదివారములం దేమి చేయునో, బస్సులో నిలుచుండి కుప్పము వఱకు రాగలడో లేదో మీరే కనుగొనుడు" అంటిని.

ఆయన కొంతసే పూరకుండిరి. పిదప, "అడుగుదునులే. అన్నము తింటివా?" యనిరి.

రైలునకింక నిరువది నిమిషములున్నది. జామకాయ కోసికొని తింటిని.