అక్క దాచిన కటింగ్

ధనుర్మాసం వచ్చిందంటే లంబసింగి చలి కొండ దిగి మా నర్సీపట్నం దాకా వచ్చేస్తుంది. అలాంటి చలిలో, సెలవు పెట్టి ఇంటికెళ్లిన ఓ రాత్రి, మూడింటికి మెలకువొచ్చి చూద్దును కదా... అక్క మంచమ్మీద కూచుని ఉంది. పైన ఫ్యాను ఫుల్‌స్పీడులో తిరుగుతోంది. బావ ఎప్పుడో దుప్పటి పట్టుకుని హాల్లోకి వలసపోయాడు.

‘‘ఏమైందక్కా?’’ అన్నాను.

‘‘ఏటీ లేదే. ఒంట్లో పొయ్యి రాజేసినట్టు ఆవిర్లు. నువ్వు పడుకో.’’

అక్కకి 46. హైస్కూల్లో లెక్కల టీచరు. ఏడాదిగా నెలసరి ఓసారి ఇరవై రోజులకే వస్తోందట, మరోసారి రెండు నెలలైనా జాడ ఉండదట. నిద్ర లేదు. అయినదానికీ కానిదానికీ చిరాకు. పదో తరగతి పిల్లల ముందు బోర్డు మీద సూత్రం రాస్తూ రాస్తూ మధ్యలో మర్చిపోయిందట. ఆ సంగతి చెబుతూ ఏడ్చేసింది. మా అక్క ఏడవడం నేను చూసింది చాలా తక్కువ.

ముట్లు పూర్తిగా ఆగిపోవడానికి ముందు వచ్చే ఈ దశనే పెరిమెనోపాజ్ అంటారు. మెనోపాజ్ సగటున పాశ్చాత్య దేశాల్లో 51 ఏళ్లకి వస్తే, మనవాళ్లకి నాలుగైదేళ్లు ముందే వస్తుంది. అంటే అక్కది అసలు వింత కేసే కాదు. కానీ ఒకచోట చూపించుకుంటే ‘‘పిల్లలు పెద్దవాళ్లయిపోయారు కదా, గర్భసంచి తీయించేసుకోండి, గొడవ వదిలిపోతుంది’’ అన్నారట!

ఈ మాట మా ఇంటికి కొత్త కాదు. అమ్మకి 36 ఏళ్లకే తీసేశారు. నాకప్పుడు ఆరేళ్లు. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేశారని మాకు తెలిసింది చాలా ఏళ్ల తర్వాత, పాత డిశ్చార్జి కాగితం చూస్తే. అండాశయాలు లేకపోతే మెనోపాజ్ మర్నాడే వచ్చేస్తుంది. అమ్మ ఏళ్ల తరబడి రాత్రిళ్లు లేచి విసనకర్రతో విసురుకుంటుంటే ‘వేడి చేసింది’ అనుకుని సబ్జా నీళ్లు ఇచ్చేవాళ్లం. 60 ఏళ్లప్పుడు బాత్రూంలో జారితే చెయ్యి విరిగింది.

అమ్మ ఒక్కతే కాదు లెండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి దాదాపు తొమ్మిది మందికి గర్భసంచి లేదు. దేశం మొత్తమ్మీద చూస్తే మూడు. మన దగ్గర ఆపరేషన్ అంటే భయపడరు. హార్మోన్ అంటే మాత్రం హడలిపోతారు.

పొద్దున్నే కాఫీ దగ్గర ‘‘హెచ్‌ఆర్‌టీ గురించి అడుగుదామా?’’ అన్నాను. తగ్గిపోతున్న హార్మోన్లని కొద్ది మోతాదులో బయటినుంచి ఇవ్వడమే ఆ వైద్యం. అక్క మాట్లాడకుండా బీరువా తీసి, ఎల్‌ఐసీ బాండ్ల మధ్య నుంచి ఓ పేపర్ కటింగ్ తెచ్చి నా ముందు పెట్టింది. ‘హార్మోన్ మాత్రలా? క్యాన్సర్‌తో జాగ్రత్త!’ కింద నా పేరు. జర్నలిజం డిప్లొమా చేసి ఉద్యోగంలో చేరిన కొత్తలో రాసింది. చెల్లి పేరు పేపర్లో పడిందని అక్క ముచ్చటపడి దాచుకుంది.

‘‘నువ్వే కదే వద్దన్నావు?’’

నాకు కాఫీ దిగలేదు.

ఆ వార్తకి ఆధారం 2002 జులైలో అమెరికాలో మధ్యలోనే ఆపేసిన ఓ పెద్ద పరిశోధన. 16 వేల మందికి పైగా మహిళలు. సగం మందికి రెండు హార్మోన్లు కలిసిన మాత్ర, సగం మందికి ఉత్తుత్తి మాత్ర. రొమ్ము క్యాన్సర్ ముప్పు 26 శాతం పెరిగిందని ప్రపంచమంతా హోరెత్తింది. ఏళ్ల తర్వాత నేనూ అదే రాశాను. ఆ మహిళల సగటు వయసు 63 అని రాయలేదు. అంకెలు విడమరచీ రాయలేదు. ఏడాదికి పదివేల మందిలో ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 30 మందికి క్యాన్సర్ వస్తే, మందు వేసుకున్నవాళ్లలో 38 మందికి వచ్చింది. 

అక్క కటింగ్ వెనకాలే లెక్క వేసింది. ‘‘అంటే పదివేలకి ఎనిమిది ఎక్కువ. ఈ ముక్క రాయడానికి నీకెన్ని లైన్లు పడుతుందే?’’

ముప్పు లేదని కాదు. ఎక్కువ ఏళ్లు వాడేకొద్దీ పెరుగుతుంది కూడా. కానీ భయపెట్టినంత తేలిగ్గా లెక్క చెప్పలేదు నేను.

విశాఖపట్నంలో ఓ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. ఆవిడ మందు పేరెత్తకముందు అరగంట ప్రశ్నలే అడిగింది. రొమ్ము క్యాన్సర్ వచ్చిందా? ఇంట్లో ఎవరికైనా ఉందా? కాళ్లలో రక్తం ఎప్పుడైనా గడ్డకట్టిందా? లివర్ జబ్బుందా? కారణం తెలియని రక్తస్రావం అవుతోందా? స్కానింగ్, మామోగ్రామ్, బీపీ అన్నీ చూసింది. హార్మోన్ల రక్తపరీక్ష మాత్రం అక్కర్లేదంది. 45 దాటాక లక్షణాలే చెబుతాయట, పైగా ఈ దశలో ఆ అంకెలు రోజుకో రకంగా ఉంటాయట.

ఇక ఎంపిక. ఈస్ట్రోజెన్ మాత్ర చవక. జెల్ ఖరీదు. అయితే మాత్ర లివర్ మీదుగా వెళ్లి రక్తం గడ్డకట్టే ముప్పుని కొంచెం పెంచుతుంది. చర్మం గుండా వెళ్లే జెల్‌తో మామూలు మోతాదులో ఆ ముప్పు పెరిగినట్టు కనిపించలేదు. అక్కకి కాస్త బరువుంది, బీపీ మందు వాడుతోంది. అందుకని డాక్టరమ్మ జెల్ వైపే మొగ్గింది. ‘‘రాసుకున్నాక ఆరాలి, అది ఆరకుండా చిన్నపిల్లల్ని ఎత్తుకోకూడదు’’ అంది. పక్కింటి పసివాడు పొద్దస్తమానం అక్క చంకలోనే ఉంటాడు మరి! స్నానం చేసి, జెల్ రాసుకుని, అది ఆరాకే వీధి తలుపు తియ్యాలని తీర్మానం చేసుకుంది.

గర్భసంచి ఉంది కాబట్టి ఈస్ట్రోజెన్ ఒక్కటే సరిపోదు. దాని లోపలి పొర మందంగా పెరిగి క్యాన్సర్‌కి దారితీయవచ్చు. దానికి కాపలాగా ప్రొజెస్టిరాన్ ఉండాలి. 2025 నవంబరులో అమెరికా ఎఫ్‌డీఏ ఈ మందుల మీది పెద్ద హెచ్చరికల్లో చాలావాటిని తీసేస్తున్నట్టు ప్రకటించినప్పుడు కూడా ఈ ఒక్కదాన్నీ ఉంచింది. అక్కకి ఇంకా నెలసరి వస్తోంది కనక నెలలో పన్నెండు రోజులు రాత్రిపూట ఆ గొట్టం వేసుకోమంది. అది మత్తుగా నిద్ర కూడా పట్టిస్తుందట. ‘‘ఇది పిల్లలు పుట్టకుండా ఆపే మందు కాదు సుమా’’ అని ఆవిడ చెబితే అక్క సిగ్గుతో నావైపు చూడలేదు.

మా ఊళ్లో జెల్ దొరకలేదు, విశాఖ నుంచి తెప్పించాల్సొచ్చింది. ప్రొజెస్టిరాన్ మాత్రం అడగ్గానే ఇచ్చాడు మందులషాపు కుర్రాడు. గర్భం నిలవడానికి ఎక్కువగా రాసే మందు అదే కదా, చీటీ చూసి ‘‘శుభవార్తేటండీ?’’ అన్నాడు అక్కతో! వాడు ఎనిమిదో తరగతిలో అక్క స్టూడెంటేనట.

మొదటి రెండు నెలలూ రక్తపుచుక్కలు కనబడుతుంటే అక్క రోజూ ఫోన్ చేసేది. మొదట్లో మామూలే, మూడు నెలలు దాటినా ఆగకపోతే రమ్మని డాక్టరమ్మ ముందే చెప్పింది. ఆగింది. ఇప్పుడు మందు పనిచేస్తోందా అంటే, ఏప్రిల్లో నర్సీపట్నంలో చెమట పట్టని వాళ్లెవరు గనక! అయినా లెక్కల టీచరు కదా, నోట్‌బుక్కులో గళ్లు గీసింది. డిసెంబరులో రాత్రికి ఆరుసార్లు లేచేది, ఇప్పుడు ఒకటో రెండో. బావ మాత్రం ఇంకా హాల్లోనే. గురక పెడుతున్నాడని ఈసారి అక్కే పంపించేసింది.

ఇదంతా పక్కన కూచుని వింటూ వచ్చిన అమ్మ మొన్నొకరోజు అడిగింది, ‘‘మరి నాకప్పుడు ఎవ్వరూ ఎందుకు చెప్పలేదే?’’ అండాశయాలు అంత చిన్నవయసులో తీసేసినవాళ్లకి, ఇవ్వకూడని కారణమేదీ లేకపోతే, మామూలుగా ముట్లుడిగే వయసు వరకైనా హార్మోన్లు ఇవ్వమంటారు నిపుణులు. ఎముకల కోసం, గుండె కోసం. ఇప్పుడు అమ్మకి 68. ఈ వయసులో కొత్తగా మొదలుపెట్టడం మంచిది కాదని, ముందు ఎముకల బలం పరీక్ష చేయించమని డాక్టరమ్మ చెప్పింది. వచ్చే శనివారానికి అమ్మకీ నాకూ విశాఖ బస్సుకి టికెట్లు తీసింది అక్క.