పుట్టినతేదీ తప్పు రాసింది నేనే!

రాత్రి పదకొండున్నర. మెడికల్ బిల్లింగ్ ఫైనల్ పరీక్షకి ఇంకా పది గంటలే ఉంది. డైనింగ్ టేబుల్ మీద ల్యాప్‌టాప్, పక్కన చల్లారిపోయిన టీ. బాబు ఎప్పుడో పడుకున్నాడు. అత్తయ్య గదిలో మాత్రం లైటు వెలుగుతూనే ఉంది. మంచినీళ్లేమైనా కావాలేమోనని వెళ్లి చూస్తే, మంచం మీద కూర్చుని గుండె మీద చేత్తో రుద్దుకుంటున్నారు.

‘‘ఎప్పట్నుంచి అత్తయ్యా?’’ అన్నా.

‘‘సాయంత్రం నుంచీ. నీకు పొద్దున పరీక్షుందిగా అమ్మా... అదయ్యాక చెబుదామనుకున్నా.’’

ఆ మాట తల్చుకుంటే ఇప్పటికీ నాకు కాళ్లు వణుకుతాయి. నా చదువు కోసం, బాబుని చూసుకోవడానికి తెనాలి నుంచి డాలస్ వచ్చిన మనిషి ఆవిడ. అదే చదువు కోసం గుండెనొప్పిని దాచుకుని కూర్చున్నారు.

ఇంతకీ ఆ పరీక్ష ఏంటి, ముప్ఫై ఒకటో ఏట నేనెందుకు రాస్తున్నా అంటే, కాస్త వెనక్కి వెళ్లాలి.

డిగ్రీ ఉండగా మళ్లీ ఇదేంటి?

నేను చదివింది బీకాం. పెళ్లయ్యాక మా ఆయనతో అమెరికా వచ్చా. ఆయనది హెచ్‌1బీ వీసా, నాది హెచ్‌4. ఈ వీసా మీద చదువుకోవచ్చు కానీ, ఉద్యోగం చేయాలంటే ఈఏడీ అనే వర్క్ పర్మిట్ ఉండాలి. 2015 నుంచి హెచ్‌4 వాళ్లలో కొందరికి అది ఇస్తున్నారు. దానికి మా ఆయన గ్రీన్‌కార్డు పనిలో ఐ-140 ఆమోదం రావాలి. అప్పటికి రాలేదు. నాలుగేళ్లు వంటింటికీ, పార్కుకీ, ఇండియన్ స్టోర్‌కీ తిరగడమే నా పని అయిపోయింది.

తెలిసినవాళ్లందరూ ఒకటే సలహా ఇచ్చారు. ‘‘టెస్టింగ్ నేర్చుకో, ఎలాగోలా సాఫ్ట్‌వేర్‌లో దూరిపోవచ్చు.’’ రెండు వారాలు క్లాసులు విన్నా. నా వల్ల కాలేదు. అప్పుడు దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీలో ‘హెల్త్ కేర్ అడ్మినిస్ట్రేషన్’ అసోసియేట్ డిగ్రీ ఆన్‌లైన్‌లో ఉందని చూశా.

అమ్మకి ఫోన్లో చెబితే, ‘‘డిగ్రీ అయినోళ్లు మళ్లీ డిగ్రీ కంటే చిన్నది చదువుతారా ఎక్కడైనా?’’ అంది. అమ్మ అన్నదాంట్లో తప్పులేదు. అసోసియేట్ అంటే రెండేళ్ల చదువు, దాదాపు 60 క్రెడిట్లు. ఇక్కడి బ్యాచిలర్స్‌లో అది సగం. కానీ నా బీకాం గురించి ఇక్కడి క్లినిక్‌లో చెబితే ఎవరికీ అర్థం కాదు. ఈ కోర్సుకైతే సబ్జెక్టు లెక్కన ఫీజు కట్టుకోవచ్చు. ఫలానా టైముకి క్లాసులో కూర్చోవాలన్న గొడవ లేదు. బాబు పడుకున్నాక చదువుకోవచ్చు.

అసలు కారణం మాత్రం నాన్న.

ఆరోగ్యమిత్ర అక్క

2012లో నాన్నకి గుండె ఆపరేషన్ అయింది. ఆరోగ్యశ్రీ కింద. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ పథకం 2007లో మొదలైంది. తెల్లరేషన్ కార్డు ఉంటే పెద్ద ఆపరేషన్లకీ డబ్బు కట్టక్కర్లేదు. అయితే ముందు పై నుంచి అనుమతి రావాలి. మా రేషన్ కార్డులో నాన్న పేరు ఒకలా, ఆస్పత్రి కాగితాల్లో ఇంకోలా ఉంది. ఒకదాంట్లో ‘వెంకట’ ఉంది, ఇంకోదాంట్లో లేదు. అంతే తేడా!

అనుమతి ఆగిపోయింది. డాక్టరు సిద్ధంగా ఉన్నాడు, మంచం ఉంది, నాన్న ఉన్నాడు. కాగితం ఒక్కటే కదల్లేదు. అమ్మ వరండాలో ఏడుస్తుంటే, కౌంటర్లో ఉన్న ఆరోగ్యమిత్ర అక్క లేచి వచ్చి, ‘‘మీరు కూర్చోండమ్మా, నేను చూస్తా’’ అంది. ఏయే కాగితాలు తేవాలో ఒక చీటీ మీద రాసిచ్చింది. ఎవరెవరికో ఫోన్లు చేసింది. మర్నాడు సాయంత్రానికి అనుమతి వచ్చింది.

నాన్న ఇవాళ్టికీ డాక్టరు పేరే చెప్పుకుంటాడు. నాకు మాత్రం ఆ అక్కే గుర్తు. ఆవిడ పేరు కూడా మేం అడగలేదు.

బాతు కరిస్తే ఒక కోడ్!

కోర్సులో ఏముంటుందని చాలామంది అడుగుతారు. మెడికల్ టెర్మినాలజీ, కాస్త అనాటమీ, అకౌంటింగ్, వైద్య చట్టాలు, బిల్లింగ్, కోడింగ్, రికార్డులు, కంప్యూటర్లు. టెర్మినాలజీ చూసి భయపడ్డా గానీ అదే తేలికైంది. పదాన్ని ముక్కలు చేసుకుంటే చాలు. చివర ‘ఐటిస్’ అని ఉంటే వాపు, ‘ఎక్టమీ’ అంటే తీసేయడం. మన సంధులు విడదీసినట్టే.

కోడింగ్ మాత్రం వేరే లోకం. ప్రతి జబ్బుకీ, ప్రతి దెబ్బకీ ఒక కోడ్ ఉంటుంది. అమెరికా 2015 అక్టోబరు నుంచి ఐసీడీ-10 పద్ధతి వాడుతోంది. అందులో బాతు కరిస్తే డబ్ల్యూ61.61, బాతు వచ్చి గుద్దితే డబ్ల్యూ61.62! బీపీకి కోడ్ ఐ10. ‘‘అది కారు కదే!’’ అని అత్తయ్య ఒకటే నవ్వు.

ఆన్‌లైన్ అంటే హాయిగా ఉంటుందనుకోకండి. బుధవారం రాత్రి 11:59 లోపు డిస్కషన్ బోర్డులో మన అభిప్రాయం రాయాలి. ఆదివారం 11:59 లోపు ఇద్దరికి జవాబులు రాయాలి. పరీక్షప్పుడు కెమెరా ముందు గదంతా తిప్పి చూపించాలి. మధ్యలో బాబు ‘‘అమ్మా, షూషూ’’ అని తలుపు కొడితే ఏం చేయాలో ఏ రూల్స్‌లోనూ ఉండదు. మొదటి సెమిస్టర్లో ఒక సబ్జెక్టు వదిలేశా కూడా. సాయం అడక్కుండా అన్నీ నేనే చేస్తానన్న మొండితనం వల్ల. అప్పుడే మా ఆయన వాళ్లమ్మని రమ్మన్నాడు.

ఆ రాత్రి

కారులో అత్తయ్య ఒకటే మాట. ‘‘ఇక్కడ ముందు డబ్బు కట్టకపోతే చేర్చుకోరట కదరా?’’ మా ఆయన మొహంలోనూ అదే భయం. అత్తయ్యకి ఉన్నది విజిటర్ ఇన్సూరెన్స్. పాత జబ్బులకి అది పెద్దగా పనికిరాదు. ఆవిడకేమో ఎప్పట్నుంచో బీపీ ఉంది.

రెండు నెలల క్రితమే చదివిన పాఠం గుర్తొచ్చింది. ‘‘చేర్చుకుంటారు అత్తయ్యా, చట్టముంది’’ అన్నా. 1986లో వచ్చిన ఆ చట్టాన్ని ఎమ్‌టాలా అంటారు. మెడికేర్ డబ్బు తీసుకునే ఆస్పత్రికి ఎమర్జెన్సీ ఉంటే, అక్కడికి వచ్చిన ఎవరినైనా ముందు పరీక్షించాలి. ప్రమాదంలో ఉంటే స్థిమితపడేదాకా వైద్యం చేయాలి. డబ్బుందా లేదా అన్నది తర్వాత. బిల్లు రాదని కాదు, బాగా వస్తుంది! కానీ డబ్బు లేదని తలుపు వేయరు.

లోపలికి వెళ్లగానే ఈసీజీ తీశారు. మా ఆయన అత్తయ్యతో వెళ్లాడు. నేను కౌంటర్ దగ్గర ఫారం నింపా. రక్తపరీక్ష కొన్ని గంటల తేడాతో రెండుసార్లు చేశారు. రాత్రంతా అబ్జర్వేషన్‌లో ఉంచారు. తెల్లారాక డాక్టరు వచ్చి, గుండెకేం కాలేదు, గ్యాస్ట్రిక్ సమస్య అని చెప్పింది. అత్తయ్య సిగ్గుపడిపోయి, ‘‘రాత్రి ఆ గోంగూర తినకుండా ఉండాల్సింది’’ అన్నారు. నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి నాకు.

తెల్లవారుజామున మూడింటికి ప్రొఫెసర్‌కి మెయిల్ పెట్టా. పరీక్ష వారం వాయిదా వేసింది. ఆ పరీక్షలో, రిజిస్ట్రేషన్ డెస్క్‌లో జరిగే తప్పుల వల్ల క్లెయిములు ఎలా తిరిగొస్తాయో రాయమన్నారు. నాకు పూర్తి మార్కులు పడ్డాయి.

పూర్తి మార్కుల విలువ

ఆరు వారాలకి బిల్లు వచ్చింది. 18,460 డాలర్లు. దాంతోపాటు ఇన్సూరెన్స్ వాళ్ల ఉత్తరం. ఈ పేరు, ఈ పుట్టినతేదీతో మా దగ్గర పాలసీయే లేదు అని.

మా ఆయన కోపంతో ఊగిపోయాడు. ‘‘ఆస్పత్రి వాళ్లు ఏదో తప్పు చేసుంటారు!’’ నేనూ అదే అనుకుని ఆస్పత్రి పోర్టల్ తెరిచా. అత్తయ్య ఇంటిపేరు మొదటి పేరు పెట్టెలో ఉంది. పుట్టినరోజు మే 8 అని ఉంది. ఆవిడ పుట్టింది ఆగస్టు 5న.

ఇక్కడ ముందు నెల, తర్వాత తేదీ రాస్తారు. నేను మన అలవాటు ప్రకారం ముందు తేదీ, తర్వాత నెల రాశా. ఇంటిపేరు కూడా మన పద్ధతిలో ముందే పెట్టా. ఫారం నింపింది నేనే కదా! మనిషిని గుర్తించడానికి పేరు, పుట్టినతేదీ లాంటివి కనీసం రెండు సరిచూసుకోవాలన్నది మాకు చెప్పిన మొట్టమొదటి పాఠాల్లో ఒకటి. ఆ రెండూ తప్పు రాశా. తర్వాత అదే సబ్జెక్టులో పూర్తి మార్కులు తెచ్చుకున్నా.

ఆ రాత్రి మా ఆయనకి చెప్పడానికి చాలా సేపు పట్టింది. చెప్పాక ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘‘సరే, నువ్వేగా చదువుతోంది. ఎలా దిద్దాలో నువ్వే చెప్పు’’ అన్నాడు. వెటకారమేమో అనుకున్నా. కాదు, నిజంగానే అడిగాడు.

దిద్దా. పాస్‌పోర్ట్ కాపీ పంపి ఆస్పత్రి రికార్డు సరిచేయించా. ప్రతి ఖర్చూ విడిగా రాసిన ఐటమైజ్డ్ బిల్లు అడిగా. క్లెయిం మళ్లీ పంపమన్నా. ఈసారి బీపీ పేరు చెప్పి పాత రికార్డులు కావాలన్నారు. రికార్డులో ఐ10 ఉంది మరి! తెనాలి నుంచి మావయ్యగారు పాత ప్రిస్క్రిప్షన్లన్నీ ఫొటోలు తీసి వాట్సాప్‌లో పంపారు. సగం తలకిందులుగా. అవన్నీ వరసలో పెట్టి, వచ్చింది గుండెజబ్బు కాదని డాక్టరు రాసిన డిశ్చార్జ్ కాగితం జతచేశా. ఫోన్ చేసిన ప్రతిసారీ తేదీ, మాట్లాడినవాళ్ల పేరు, రిఫరెన్స్ నంబరు బాబు డ్రాయింగ్ బుక్ వెనక పేజీలో రాసుకున్నా.

ఇంకో పని కూడా చేశా. అది లాభాపేక్ష లేని ఆస్పత్రి. 2010 నాటి ఆరోగ్య చట్టం ప్రకారం అలాంటి ఆస్పత్రులకి ఆర్థిక సాయం గురించి రాతపూర్వక విధానం ఉండి తీరాలి. అడిగితే దరఖాస్తు ఇస్తారు. అందరికీ వస్తుందని కాదు, అడగాలి అంతే. మాకు కొంత తగ్గించారు.

మూడున్నర నెలలు పట్టింది. ఇన్సూరెన్స్, తగ్గింపు పోగా మాకు మిగిలింది 2,160 డాలర్లు. నెలకి 180 చొప్పున పన్నెండు నెలలు కట్టాం. పూర్తిగా గెలిచామని చెప్పను. తప్పు నాదే, దిద్దుకున్నా.

మీరూ చేరాలనుకుంటే

అమెరికాలో ఉన్న చెల్లెళ్లు కొందరు మెసేజ్ చేసి అడుగుతుంటారు. నాకు తెలిసింది చెబుతా. ముందు కాలేజీకి గుర్తింపు ఉందో లేదో చూడండి. అమెరికా విద్యాశాఖ వెబ్‌సైట్‌లోనే వెతుక్కోవచ్చు. ఫోన్ చేసి తొందరపెట్టే కాలేజీలకి దూరంగా ఉండండి. తర్వాత బ్యాచిలర్స్ చేసే ఆలోచన ఉంటే, మీ క్రెడిట్లు అక్కడ పనికొస్తాయా అని చేరకముందే అడగండి. ‘అప్లైడ్’ అని ఉన్న అసోసియేట్ డిగ్రీల క్రెడిట్లని కొన్ని యూనివర్సిటీలు పూర్తిగా తీసుకోవు. హెచ్‌4 వాళ్లకి ఇక్కడి ఫెడరల్ విద్యాసాయం రాదు. అంతా సొంత డబ్బే.

ఇంకోటి. ఈ డిగ్రీతో ఆస్పత్రికి పెద్దాఫీసర్ అయిపోరు. దానికి బ్యాచిలర్స్, మాస్టర్స్ అడుగుతారు. రిజిస్ట్రేషన్, బిల్లింగ్, రికార్డులు... ఇలాంటి చోట్ల అడుగు పెట్టొచ్చు. అమ్మకి అదే చెప్పా. ‘‘అంటే కౌంటర్లో కూర్చుంటావా?’’ అంది. ‘‘అవునమ్మా, ఆరోగ్యమిత్ర అక్కలాగా’’ అన్నా. అమ్మ కాసేపాగి, ‘‘అయితే బాగా చదువు’’ అంది.

60లో 48 క్రెడిట్లు అయ్యాయి. మా ఆయన ఐ-140 వచ్చింది, నా ఈఏడీ కార్డు కూడా వచ్చింది. పోయిన నెల నుంచి ఇంటి దగ్గర క్లినిక్‌లో వారానికి మూడు రోజులు ఫ్రంట్ డెస్క్‌లో చేస్తున్నా.

మొన్న ఒక పెద్దాయన వచ్చారు, కూతురితో. మనవాళ్లే. ఆ అమ్మాయి కంగారుగా ఫారం నింపి ఇచ్చింది. పుట్టినతేదీ దగ్గర 03/11 అని ఉంది. మార్చా, నవంబరా? ‘‘మీ పుట్టినరోజు ఏ నెలండీ?’’ అని తెలుగులో అడిగా. పెద్దాయన మొహం వెలిగిపోయింది. ‘‘నవంబరమ్మా, మూడో తారీఖు’’ అన్నారు.

దిద్ది రాసి, ‘‘మీరు కూర్చోండి, నేను చూస్తా’’ అన్నా.