సైకిల్ మోటరు

మఠంపల్లి దాటాక మట్టపల్లి వైపు పోయే దారిలో, గొర్లు మేపుతున్న పెద్దమనిషి ఒకాయన నన్ను ఆపి సైకిలు చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. కడ్డీకి బిగించిన నల్లటి డబ్బాను కర్రతో తాకబోయి ఆగాడు. వంగి వెనక చక్రం నడుమ ఉన్న లావుపాటి బిళ్ళను చూశాడు.

"ఏంది సారూ ఇది, సైకిల్ మోటరా?"

ఆ మాట విని చాలా ఏళ్ళయింది. నా చిన్నప్పుడు మా ఊళ్ళల్లో పెద్దవాళ్ళు మోటారుసైకిలును సైకిల్ మోటరనే అనేవాళ్ళు. తర్వాత అది ఉత్త బండి అయిపోయింది. తొక్కితే కదులుతూ, తొక్కుతున్నంతసేపూ కరెంటు సాయపడే ఈ వస్తువుకు ఆ పాత పేరు అతికినట్టు సరిపోయింది. "అవును పెద్దాయనా, సైకిల్ మోటరే" అన్నాను. ఆయన తృప్తిగా తలూపి గొర్ల వెంట పోయాడు.

సైకిలు నాది కాదు, మా మేనల్లుడిది. హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ కొనుక్కున్నాడు. ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023 అక్టోబరులో 23 కిలోమీటర్ల సైకిల్ దారి తెరిచారు. పైన సోలార్ పలకలే కప్పు. వాడు దాని మీద వారానికి మూడు రోజులు తొక్కేవాడు. ఉద్యోగం విదేశానికి మారడంతో తెచ్చి మా వరండాలో పెట్టాడు. పెట్టి ఒక మాట అన్నాడు: "మామయ్యా, ఇక ఇది నీదే. నీ పాత సైకిలు ఎవరికన్నా ఇచ్చెయ్. దానితో పనేముంది?"

ఆ మాట నాలుగు నెలలు నన్ను వదల్లేదు. ఇచ్చెయ్యడానికి మనిషి ఎదురుగానే ఉన్నాడు. కింది వాటాలో అద్దెకుంటున్నవాళ్ళ అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు, కాలేజీకి నడిచిపోతాడు. వరండాలో రెండు సైకిళ్ళకు చోటు చాలదు. పైగా నాకు యాభై ఎనిమిదేళ్ళు, కుడి మోకాలు మెట్లు దిగేటప్పుడు నొప్పి చేస్తోంది. లెక్క ప్రకారం చూస్తే పాతదాన్ని ఇచ్చెయ్యాల్సిందే.

కాని పాతది నాకు లెక్కలో వస్తువు కాదు. లావు టైర్లు, ముందు షాకబ్జార్లు, ఇరవై ఒక్క గేర్లు ఉన్న సైకిలు. పన్నెండేళ్ళ కింద కోదాడలో కొన్నప్పుడు అట్టపెట్టె మీద మౌంటెన్ బైక్ అని రాసి ఉంది. హుజూర్‌నగర్‌లో మౌంటెన్లు ఎక్కడివి అని అప్పుడు చాలామంది అడిగారు. పర్వతాలు లేని మాట నిజమే. కాని చిన్న చిన్న గుట్టలున్నాయి, సున్నపురాయి నేల ఉంది. ఈ రాయి కోసమే మేళ్ళచెర్వు, మఠంపల్లి చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు వెలిశాయి. రోడ్డు దిగి కృష్ణ వైపు తిరిగితే నాపరాళ్ళు పొరలు పొరలుగా పైకి లేచి ఉంటాయి. వాటి మీద తొక్కుతుంటే పలకలు పళ్ళేల్లా గలగలమంటాయి. సాగర్ కాలువ కట్టలున్నాయి, వాన పడితే జారే నల్లరేగడి బాటలున్నాయి. ఈ నేలకు ఆ సైకిలు సరిగ్గా సరిపోయింది.

అందుకని తీర్పు తొందరగా చెప్పకూడదనుకున్నాను. ఒక వారం ఇది, ఒక వారం అది, అవే దారుల్లో తొక్కి చూశాను.

మొదట తెలిసింది గాలి సంగతి. మా వైపు సైకిలు తొక్కేవాడిని నిజంగా ఏడిపించేది ఎత్తు కాదు, గాలి. జూన్ నుంచి పడమటి గాలి మొదలైతే నేరేడుచర్ల మీదుగా మిర్యాలగూడ దారిలో పోవడమంటే గోడను నెట్టుకుంటూ పోవడమే. వరిపొలాల మీదుగా వచ్చే గాలికి మధ్యలో ఒక్క అడ్డు ఉండదు. ఎదురుగాలిలో వేగం కొంచెం పెంచాలన్నా శ్రమ బాగా పెరుగుతుంది. మామూలు మనిషి ఆగకుండా గంటసేపు తొక్కితే కాళ్ళలోంచి వచ్చేది నూరు వాట్లకు అటూఇటూ. ఈ మోటరు 250 వాట్లది. నాలాంటి ఇద్దరు ముగ్గురు వెనకనుంచి నెడుతున్నట్టన్నమాట. మొదటి రోజు ఆషాఢం గాలికి ఎదురుగా ఇరవై వేగంతో పోతుంటే కళ్ళు చెమర్చాయి. ముప్పై ఏళ్ళ పాటు ఆ గాలితో పెనుగులాడినవాడికే ఆ సుఖం తెలుస్తుంది.

చిన్నప్పటి డైనమో గుర్తొచ్చింది. చీకటి పడ్డాక దాన్ని వెనక టైరుకు ఆనిస్తే ముందు లైటు వెలిగేది, తొక్కుడు మాత్రం ఒక్కసారిగా బరువెక్కేది. ఆ వెలుగు మన పిక్కల్లోంచే వస్తోందని ప్రతి తొక్కుడూ చెప్పేది. అప్పుడు కాలు కరెంటునిచ్చింది, ఇప్పుడు కరెంటు కాలికి బలమిస్తోంది.

ఖర్చు చెప్పుకోదగ్గది కాదు. 36 వోల్టుల బ్యాటరీ, ఏడున్నర ఆంపియర్ అవర్లు. హెచ్చవేస్తే 270 వాట్ అవర్లు. వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె పావుగంటలో తాగే కరెంటు దాదాపు అంతే ఉంటుంది. మన చట్టం ప్రకారం మోటరు 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉంటే దాన్ని మోటారు వాహనంగా లెక్కించరు. లైసెన్సూ నంబరు ప్లేటూ అక్కర్లేదు.

ఇక కష్టాలు. కోదాడ మాకు పద్దెనిమిది కిలోమీటర్లకు అటూఇటూ. గాలివాటున హాయిగా పోయాను. తిరుగు ప్రయాణంలో గాలి ఎదురైంది. ఇంకా ఐదారు కిలోమీటర్లుందనగా బ్యాటరీ అయిపోయింది. అప్పుడు తెలిసింది దాని అసలు బరువు. నా పాత సైకిలు పదహారు కిలోలు, ఇది ఇరవై నాలుగు. కరెంటు ఉన్నంతసేపూ ఆ ఎనిమిది కిలోలు కనిపించవు. పోయాక ఒక్కొక్క కిలో విడివిడిగా పలకరిస్తుంది.

రెండోది పంక్చరు. కాలువ కట్ట మీద తుమ్మముళ్ళు, పల్లేరుకాయలు మామూలే. మా పంక్చరు షాపాయన చక్రం ఊడదీయకుండానే టైరు ఒక పక్క లేపి, ట్యూబు బయటికి లాగి, గాలి కొట్టి, నీళ్ళ తొట్టిలో ముంచి, బుడగ ఎక్కడ లేస్తుందో చూసి అతుకు వేస్తాడు. పది నిమిషాల పని. ఈ సైకిలుకూ అలాగే వేశాడు. కాని ఇంకోసారి ట్యూబు చీలికే పడింది, మార్చక తప్పలేదు. మార్చాలంటే చక్రం ఊడాలి, ఊడాలంటే మోటరుకు పోయే వైరు విప్పాలి. ఆయన పానా పట్టుకుని చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాడు. "ఇది తెగితే నేను కట్టియ్యలేను సారూ" అని పానా కింద పెట్టాడు. ఆ నిజాయితీకి నాకు ఆయన మీద గౌరవం పెరిగింది. నేనే ఫోన్లో మేనల్లుడు చెప్తుంటే ఒక్కొక్కటే విప్పాను. ఏ వాషరు ఎటు తిరిగి ఉందో కాగితం మీద బొమ్మ వేసుకున్నాను. గంటన్నర పట్టింది.

మూడోది భుజం. 2024 సెప్టెంబరు మొదట్లో కురిసిన వానలకు నడిగూడెం మండలంలో సాగర్ ఎడమ కాలువకే గండి పడింది. ఆ వానల్లోనే నేను పొద్దున పోయే కట్ట కూడా రెండుచోట్ల కోసుకుపోయింది. అప్పటినుంచి అక్కడ సైకిలు భుజానికెత్తుకుని దిగి, అవతల ఎక్కాలి. పాతదాన్ని ఎత్తుకుని పోగలను. దీన్ని ఎత్తాను, రెండు అడుగులు వేశాను, మోకాలు వద్దంది. మోకాలికి సాయమవుతుందనుకున్న సైకిలు మోకాలి వల్లే అక్కడ ఆగిపోయింది.

అన్నిటికంటే ముఖ్యమైనది నాపరాళ్ళ మీద తెలిసింది. మోటరు వెనక చక్రంలో ఉంది. పెడలు తిరుగుతోందా లేదా అన్నదే దానికి తెలుసు, నేను ఎంత బలంగా నొక్కుతున్నానో తెలియదు. తొక్కుడు మొదలుపెట్టిన ఒక క్షణం తర్వాత అది అందుకుంటుంది, ఆపిన ఒక క్షణం తర్వాత వదులుతుంది. తారురోడ్డు మీద ఆ క్షణం లెక్కలోకి రాదు. కదిలే పలకల మీద, ఎక్కులో, అడుగు అడుగుకూ బలం కొలిచి వేయాల్సినచోట ఆ క్షణం చాలా పెద్దది. నేను ఆగుదామనుకున్నప్పుడు అది తోస్తుంది, తోయమన్నప్పుడు ఆలోచిస్తుంది. నొక్కిన బలాన్ని కొలిచి, అంతకు తగ్గట్టు పెడల్ల దగ్గరే సాయం చేసే మోటర్లు విదేశాల్లో కొండ సైకిళ్ళకు పెడుతున్నారు. వాటి ధర లక్షల్లో ఉంటుంది. వాటితో నా అభిప్రాయం మారవచ్చు. మన బజార్లో నాలాంటివాళ్ళు కొనగలిగేవాటితో మారదు.

మోటరున్న సైకిలుతో గుట్ట ఎక్కడం మోసం అనేవాళ్ళున్నారు. ఆ మాట నేను ఒప్పుకోను. కొండ సైకిలు పుట్టింది అమెరికాలో, కాలిఫోర్నియాలోని టమల్‌పాయిస్ కొండ దగ్గర, 1970లలో. అక్కడి కుర్రాళ్ళు లావు టైర్ల పాత సైకిళ్ళను ట్రక్కుల్లో వేసి కొండ మీదికి తీసుకుపోయి, మట్టిబాటన కిందికి దూకించేవాళ్ళు. 1976లో మొదలైన వాళ్ళ పందేనికి రీప్యాక్ అని పేరు. ఒక్కసారి దిగేసరికి బ్రేకుల్లోని గ్రీజు కాలిపోయి, మళ్ళీ నింపాల్సి వచ్చేది కాబట్టి ఆ పేరు. అంటే ఈ జాతి సైకిలు తొలినాళ్ళలోనే ఎక్కడానికి ఇంజను సాయం తీసుకుంది. 2019లో బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 33 మందిని రెండు రకాల సైకిళ్ళ మీదా కొండదారిలో తిప్పి చూశారు. కరెంటు సైకిలు మీద కూడా గుండె వేగం మామూలు సైకిలు మీద ఉన్నదాంట్లో 94 శాతం ఉంది. తొక్కుతూ పోతే ఒంటికి పని తగ్గేది కొంచెమే. అయితే మా దానికి చేతి దగ్గర యాక్సిలరేటరు కూడా ఉంది. అది తిప్పుతూ కూర్చుంటే ఈ లెక్క వర్తించదు.

ఇంతవరకు నా విచారమంతా నా రెండు సైకిళ్ళ గురించే. వరండాలో మూడో మనిషి ఉందని నాకు తట్టలేదు.

మా ఆవిడది గరిడేపల్లి వైపు పల్లె. హైస్కూలు మూడు మైళ్ళు. అన్నకు సైకిలు కొన్నారు, ఆమెకు కొనలేదు. అన్న క్యారియరు మీద కూర్చుని బడికి పోయింది. అన్న చదువు అయిపోయాక నడిచిపోయింది. పదో తరగతితో ఆమె చదువు ఆగిన ఆ 1990ల మొదట్లోనే తమిళనాడు పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యత ఉద్యమంతోపాటు వేలమంది ఆడవాళ్ళు సైకిలు నేర్చుకున్నారు. ఆ సంగతి నేను పేపర్లో చదివి ఆమెకు చెప్పాను కూడా. చెప్పినవాడిని, నేర్పుతానని అనలేదు. ఆ తర్వాత ముప్పై ఏళ్ళు నా సైకిలు వెనక, నా స్కూటరు వెనక, అదే క్యారియరు బతుకు. ఇది చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది, అయినా చెప్పాలి.

ఒక సాయంత్రం నేను బజారు నుంచి వచ్చేసరికి ఆమె వీధి చివర సైకిల్ మోటరు మీద ఉంది. కింది వాటా అబ్బాయి పక్కన పరుగెత్తుతున్నాడు. సీటు పూర్తిగా దించారు. కాళ్ళు నేలకు ఆనుతున్నాయి. పడితే తుంటి విరుగుతుందని నా గుండె కొట్టుకుంది, పిలవబోయి ఆగాను. కొత్తగా నేర్చుకునేవాళ్ళు పడేది నెమ్మదిగా ఉన్నప్పుడే. మొదటి రెండు తొక్కుళ్ళకు బలం చాలక పక్కకు ఒరుగుతారు. నాపరాళ్ళ మీద నన్ను విసిగించిన ఆ తోపుడే ఆమెను నిలబెడుతోంది. పదిహేను రోజుల్లో సీటు రెండు వేళ్ళు పైకి లేచింది. నెల తర్వాత ఆమె ఒక్కతే కూరగాయలకు పోయొచ్చింది. సంచి హ్యాండిలుకు తగిలించుకుని, ముఖం కందిపోయి, ఏమీ జరగనట్టు లోపలికి పోయింది.

మేమిద్దరం ఒక దారిలో రెండు సైకిళ్ళ మీద పోవడం పెళ్ళయిన ముప్పై రెండేళ్ళలో మొదటిసారి కార్తీకమాసంలో జరిగింది. మట్టపల్లి నరసింహస్వామి గుడికి. రానూపోనూ నలభై కిలోమీటర్లు దాటుతుంది కాబట్టి ఛార్జరు సంచిలో వేసుకున్నాం. రోడ్డు మీద సగం మేర ధాన్యం ఆరబోసి, వాహనాలు తొక్కకుండా అంచున రాళ్ళు పేర్చారు. ఆ రాళ్ళకూ సిమెంటు లారీలకూ మధ్య నేను ముందు, ఆమె వెనక. లారీలు తగ్గాక ఆమె పక్కకు వచ్చింది. నా మామూలు వేగమూ ఆమె మోటరు మొదటి నంబరు వేగమూ దాదాపు ఒకటే. మాట్లాడుకుంటూ తొక్కాం. ఎక్కు వచ్చినచోట నేను గేర్లు దించుకుంటుంటే ఆమె దాటి పైకి పోయి, అక్కడ ఒక కాలు నేలకు ఆన్చి నా కోసం చూసింది. అంత దూరం నుంచి ఆమె నన్ను అలా చూడడం నాకు కొత్త.

గుడి దగ్గర హోటలాయన ప్లగ్గు ఇచ్చాడు. కృష్ణలో స్నానం చేసి, దర్శనం చేసుకుని, టిఫిను తిని వచ్చేసరికి బ్యాటరీ సగానికి పైగా నిండింది. డబ్బులు తీసుకోలేదు.

స్కూటరు అమ్మేశాం. దాన్ని వాడే పనులన్నీ ఈ సైకిలుకు పోయాయి. వచ్చిన డబ్బులోంచి కొంత తీసి కింది వాటా అబ్బాయికి కోదాడలో వాడిన గేర్ల సైకిలు ఒకటి కొన్నాం. ఆమెకు నేర్పిన గురుదక్షిణ అని ఆమే అంది. స్కూటరు పోయాక వరండాలో చోటు సమస్య కూడా లేకుండా పోయింది. మేనల్లుడు ఫోను చేసి "పాతది ఇచ్చేశావా మామయ్యా?" అంటే లేదన్నాను. నిన్న కూడా దాన్ని ఎత్తుకుని కట్ట గండి దాటాను.

ఇవాళ పొద్దున మా ఆవిడ వాళ్ళ అక్కవాళ్ళింటికి పోయి ఎండెక్కాక వచ్చింది. బ్యాటరీ ఊడదీసి వంటింటి గట్టు మీద పెట్టింది. నేను ఛార్జరు తేబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "ఇప్పుడే వద్దు. ఎండలో వచ్చింది గదా, చల్లారినాక పెడత" అని, వెనక్కి వెళ్ళి ఫ్యాను వేసింది.