గ్యాస్ ఖతమ్ కాదు ఆపా

మంగళవారం, గురువారం, శనివారం మా ఇంట్లో డయాలిసిస్ రోజులు. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు వెనక గల్లీలో మా ఇల్లు. ఎల్బీనగర్ రింగ్‌రోడ్డు దాటగానే అమ్మీ వెళ్లే సెంటర్. పొద్దున ఆరున్నరకి బయల్దేరితే పావుగంటలో దింపేస్తాను. తిరిగొచ్చేటప్పుడే అసలు ఇమ్తెహాన్. నాలుగు గంటలు మిషన్ మీద పడుకుని, సూదులు తీయించుకుని, చేతికి పట్టీ వేయించుకుని అమ్మీ బయటికి వచ్చేసరికి పన్నెండు కొడుతుంది. అప్పుడు కొత్తపేట, చైతన్యపురి సిగ్నల్, మెట్రో పిల్లర్ల పక్కన బారులు తీరిన బస్సులు కలిసి ఆ పావుగంటని ముప్పావుగంట చేస్తాయి. రెండింటికి నేను డ్యూటీలో ఉండాలి.

కారు అబ్బాది. 2009లో రిటైర్మెంట్ పైసలతో కొన్నాడు. కంపెనీ పేరు చెప్పను, ఈ కిస్సాలో దాని కసూర్ ఏమీ లేదు. అబ్బా పోయాక అది నాకు వచ్చింది, దాంతో పాటు డ్యాష్‌బోర్డు మీద ఆయన అతికించిన 'మాషాఅల్లా' స్టిక్కరూ వచ్చింది. ఎండకి దాని రంగు పోయింది కానీ తీయబుద్ధి కాదు.

డయాలిసిస్ మరీజ్ ఇంట్లో లేనివాళ్లకి ఒక మాట చెప్పాలి. కిడ్నీలు పని చెయ్యనప్పుడు తాగిన నీళ్లు బయటికి పోవు. లోపలే నిలిచిపోతాయి, కాళ్లు వాస్తాయి, ఊపిరి బరువెక్కుతుంది. మళ్లీ మిషన్ ఎక్కేదాకా అంతే. అందుకే నీళ్లకి లెక్క. అమ్మీకి డాక్టర్ చెప్పింది రోజుకి లీటరు లోపు, అందులోనే చాయ్, చారు, మజ్జిగ అన్నీ. ఎండలో దాహమేస్తే మనం సీసా ఎత్తుతాం. అమ్మీ ఐస్ ముక్క ఒకటి బుగ్గన పెట్టుకుంటుంది. ఆ ముక్కని కూడా క్యాలెండర్ మీద రాస్తుంది, అంత హిసాబ్ మనిషి. దీనికి తోడు మిషన్ దిగిన రోజు బీపీ పడిపోతుంది, కళ్లు తిరుగుతాయి. కాబట్టి కారులో ఏసీ మాకు షోఖ్ కాదు.

ఇంతకుముందు మాకు మామూలు తమాషా ఒకటుండేది. ఏటా ఏప్రిల్ రాగానే ఏసీ గాలి గోరువెచ్చగా మారేది. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక దుకాణం ముందు కారు ఆపేదాన్ని. పిల్లవాడు వచ్చి రెండు పైపులు తగిలించి, గేజీ చూసి "గ్యాస్ తక్కువుంది మేడమ్" అనేవాడు. ఇరవై నిమిషాలు, పద్దెనిమిది వందలు, చల్లటి గాలి. 2022లో, 2023లో, 2024లో ఇదే. మధ్యలో ఒకసారి ఆ పిల్లవాడే అన్నాడు, "లీక్ చెక్ చేపిద్దామా మేడమ్, పూటంతా బండి ఇక్కడుండాలె" అని. జూట్ ఎందుకు చెప్పాలి, టైమ్ లేదన్నది నేనే.

2024 మే మొదటి గురువారం. రంజాన్ పండగ అయి నెల కూడా కాలేదు. ఎండ నలభై దాటింది. అమ్మీని ఎక్కించుకుని కొత్తపేట దాకా వచ్చాను, పాత పండ్ల మార్కెట్ స్థలంలో అప్పట్లో టిమ్స్ హాస్పిటల్ కడుతుండేవారు చూడండి, అక్కడ. బానెట్ కింద నుంచి ఒక్కసారిగా కీచుమని అరుపు. వెంటనే కాలిన రబ్బరు వాసన. ఏసీ బటన్ ఆపేస్తే అరుపు ఆగింది, బండి నడుస్తోంది, గాలి మాత్రం కొలిమి గాలి. అద్దాలు దించితే బయట అంతకన్నా వేడి. అమ్మీ నఖాబ్ పైకి లేపి సీటుకి తల ఆనించింది. సిగ్నల్ దగ్గర వెనక్కి తిరిగి చూస్తే పెదాలు తెల్లబడి ఉన్నాయి. సీసాలో నీళ్లున్నాయి, ఇవ్వలేను. దుపట్టా తడిపి మొహం మీద కప్పాను. చైతన్యపురి నుంచి ఇంటి దాకా ఆయతుల్ కుర్సీ ఎన్నిసార్లు చదివానో నాకే తెలీదు. ఇంటికొచ్చి పడుకున్నాక అమ్మీ అన్న మొదటి మాట: "బండికేమైంది బేటీ, నీకు డ్యూటీ లేట్ అయిందా?"

శుక్రవారం పొద్దున్నే కారుని ఆటోనగర్ వైపు తీసుకెళ్లాను, ఎల్బీనగర్ దాటి విజయవాడ హైవే మీద. లారీ బాడీలు కట్టేచోట, వెల్డింగ్ మెరుపుల మధ్య, కార్ల ఏసీలు మాత్రమే చేసే ఒక ఉస్తాద్ ఉన్నాడని మా ఆఫీసు డ్రైవర్ చెప్పాడు. యాభై దాటిన మనిషి, సగం తెల్లబడిన గడ్డం, చెవి మీద పెన్సిల్. నేను సలామ్ చెప్పి "గ్యాస్ అయిపోయిందేమో చూడండి" అన్నాను. ఆయన బానెట్ లేపుతూనే నవ్వాడు.

"గ్యాస్ ఖతమ్ నై హోతీ ఆపా. పెట్రోల్ హై క్యా, జల్‌కో ఖతమ్ హోనే కో? పోయిందంటే యాడనో సురాఖ్ ఉన్నట్టు."

అదీ మూడేళ్లలో నాకెవరూ చెప్పని మాట. కారు ఏసీలో గ్యాస్ తిరుగుతూ ఉండేదే కానీ ఖర్చయ్యేది కాదు. కంప్రెషర్ దాన్ని నొక్కి వేడెక్కిస్తుంది. ముందున్న కండెన్సర్‌లో అది వేడి వదిలేసి నీరవుతుంది. డ్రయర్ గుండా వెళ్లి, సూది బెజ్జమంత వాల్వ్ దాటి, డ్యాష్‌బోర్డు వెనక ఆవిరై చల్లబడి, మళ్లీ కంప్రెషర్‌కే వస్తుంది. ఇదంతా మూసి ఉన్న దారి. ఇంకో సంగతి, కంప్రెషర్ లోపలి నూనె కూడా ఆ గ్యాస్‌తోనే తిరుగుతుంది. ఇంజన్‌కి ఉన్నట్టు దానికి వేరే చాంబర్, కొలిచే పుల్ల ఉండవు. గ్యాస్ కారినప్పుడల్లా నూనె కూడా కొంచెం కొంచెం బయటికి పోతుంది. మనం గ్యాస్ మాత్రం కొట్టిస్తాం. నూనె ఎవరు పోస్తారు? ఏళ్ల తరబడి ఎండిపోయిన పిస్టన్లు లోహంతో లోహం రాసుకుని ఒకరోజు బిగుసుకుపోతాయి. గురువారం కొత్తపేటలో అరిచింది అదే. ఇంజన్ బెల్టు తిప్పమంటోంది, కంప్రెషర్ తిరగనంటోంది.

ఉస్తాద్ నైట్రోజన్ ఎక్కించి జోడింపుల మీద సబ్బు నురుగు పూశాడు. పైపులు ఇంజన్ వైపు నుంచి కారు లోపలికి వెళ్లే చోట నురుగులో చిన్న చిన్న బుడగలు వచ్చాయి. అక్కడ నల్లటి జిడ్డు మరక ఉంది. ఆ మరకని నేను ఎన్నోసార్లు చూశాను, దుమ్ము అనుకున్నాను. గ్యాస్‌తో వచ్చిన నూనెకి దుమ్ము అంటుకున్న నిషానీ అది. లోపల ఒక రబ్బరు రింగు చిట్లింది. దాని ఖరీదు పది రూపాయలు.

తర్వాత పైపు విప్పి వేలు పెట్టి తీసి నాకు చూపించాడు. వేలి మీద బూడిదరంగు మెరుపు. అచ్చం సుర్మా. అరిగిపోయిన కంప్రెషర్ లోహం పొడి అది, నూనెలో కలిసి వ్యవస్థ అంతా తిరిగింది. "ఈ సుర్మా లోపల ఉండంగ కొత్త కంప్రెషర్ పెడితే అది భీ మరేగా ఆపా," అన్నాడు. కండెన్సర్ గొట్టాలు వెంట్రుకంత సన్నవి, కడిగినా పూర్తిగా పోదు కాబట్టి అదీ మార్చాలట. డ్రయర్, వాల్వ్, రింగులన్నీ మార్చి, మిగతా పైపుల్ని కడగాలట. పెన్సిల్ తీసి సిగరెట్ డబ్బా అట్ట మీద హిసాబ్ రాశాడు. కొత్త కంప్రెషర్ 17,500, కండెన్సర్ 4,800, డ్రయర్ వాల్వ్ రింగులు 2,600, కడగడం, నూనె, గ్యాస్, మజూరీ 3,600. మొత్తం 28,500.

కారు అమ్మితే లక్ష కూడా రాదు. పాత కంప్రెషర్‌నే మరమ్మతు చేయొచ్చు కదా అని అడిగాను. బేరింగో, సీలో, క్లచ్చో పోతే చేస్తామన్నాడు, సిలిండర్ గీసుకుపోయాక కాదన్నాడు. కబాడీ మాల్ పెట్టించుకుంటే ఖుషీగా పెడతాను, వారంటీ మాత్రం అడగొద్దన్నాడు.

నాకు ఐత్‌బార్ కుదరలేదు, అబద్ధం ఎందుకు. ఆడమనిషి ఒంటరిగా వచ్చింది, బిల్లు పెంచుతున్నాడు అనే షక్ మెకానిక్ షెడ్డులో నిలబడ్డ ప్రతి ఆడదానికీ వస్తుంది. మళ్లీ దిల్‌సుఖ్‌నగర్ వైపు వచ్చి ఇంకో చోట అడిగాను. "సెకండ్‌హ్యాండ్ కంప్రెషర్, గ్యాస్‌తో కలిపి తొమ్మిదిన్నర వేలు, రెండు గంటల్లో తీస్కపోండి." లోపల కడుగుతారా అంటే "అదేం అవసరం లేదు మేడమ్." రియాద్ నుంచి భాయీజాన్ ఫోన్‌లో ఇంకో సలహా ఇచ్చాడు, ఆ డబ్బా అమ్మేసి క్యాబులో తీసుకెళ్లమని. క్యాబులో ఏముందో ఆయనకేం తెలుసు. ఏప్రిల్ నుంచే హైదరాబాద్ క్యాబ్ డ్రైవర్లు 'నో ఏసీ' అని మొదలుపెట్టారు, కిలోమీటరుకి వాళ్లకి దక్కే పైసల్లో ఏసీ గిట్టుబాటు కాదని. వాళ్లది నాజాయజ్ అని నేననను.

ఆ రాత్రి ఇషా తర్వాత అమ్మీకి అంతా చెప్పాను. సుర్మా సంగతి, కడగాలన్న సంగతి. ఆమె తన చేతి పట్టీ వైపు చూసుకుంది.

"అంటే నీ కారుకి కూడా డయాలిసిస్ చెయ్యాలంటున్నాడు ఆ ఉస్తాద్."

ఇద్దరం నవ్వాం. తర్వాత నేను చాలాసేపు పడుకోలేదు. అమ్మీకి మోకాళ్ల నొప్పులు పన్నెండేళ్ల నుంచి. నొప్పి అన్నప్పుడల్లా మెడికల్ షాపు నుంచి గోలీల పట్టీ తెచ్చిపెట్టింది నేనే. ఇరవై నిమిషాల్లో తగ్గేది, పనిలో పడేది. బీపీ ఎప్పుడు పెరిగిందో ఎవరం చూడలేదు. నెఫ్రాలజిస్ట్ మొదటిరోజు అడిగిన మొదటి సవాలే అది, నొప్పి గోలీలు ఎన్నేళ్లు వాడారు అని. దుకాణం ముందు కారు ఆపి "గ్యాస్ కొట్టు, టైమ్ లేదు" అన్న నా గొంతు ఆ రాత్రి నాకు మళ్లీ వినిపించింది. ఈ సంగతి అమ్మీతో ఎప్పుడూ అనలేదు. ఇక్కడే మొదటిసారి రాస్తున్నాను.

పొద్దున అమ్మీ తన చిట్టీ పైసలు బయటికి తీసింది. రుమాలులో కట్టిన పదిహేను వేలు. కబర్ మీద రాయి కోసమా ఇంకెందుకోసమా అని అడిగితే "నీ పని నువ్వు చూస్కో" అంది.

శనివారం క్యాబులోనే వెళ్లాల్సి వచ్చింది. సీటు వెనక 'నో ఏసీ' కాగితం అంటించి ఉంది. తిరిగొచ్చేటప్పుడు ఎక్కిన క్యాబులోనూ అదే కాగితం. డ్రైవర్, పాతికేళ్ల పిల్లవాడు, అమ్మీ చేతి పట్టీ అద్దంలో చూసి ఏమీ అడక్కుండా ఏసీ వేశాడు. దిగేటప్పుడు యాభై ఎక్కువిస్తే తీసుకోనన్నాడు. నాకంటే జిద్దు మనిషి అమ్మీ, అతని జేబులో పెట్టేసింది.

ఆదివారం ఉస్తాద్ దగ్గర పూటంతా కూర్చున్నాను. కాగితం మీద రాసింది ఒక్కొక్కటీ కళ్లముందు చేశాడు. పైపుల్లోంచి మందు పోసి కడిగితే మొదట నల్లగా, తర్వాత బూడిదగా, చివరికి తేటగా వచ్చింది. కొత్త కంప్రెషర్‌లో నూనె కొలిచి పోసి చేత్తో తిప్పాడు. అన్నీ బిగించాక వెంటనే గ్యాస్ ఎక్కించలేదు. వ్యాక్యూమ్ పంపు పెట్టి ముప్పావుగంట వదిలేశాడు. లోపల తేమ మిగిలితే గ్యాస్‌తో, నూనెతో కలిసి తేజాబ్ అవుతుందట. గాలి మొత్తం లాగేస్తే నీళ్లు మామూలు వేడికే ఆవిరై పోతాయి. పంపు ఆపి ఇంకో అరగంట గేజీ ముల్లు కదలకుండా ఉందా అని చూశాడు. నేను అతనికన్నా ఎక్కువసార్లు చూశాను. ఆ తర్వాత సిలిండర్‌ని కాటా మీద పెట్టి, బానెట్ కింద కంపెనీ స్టిక్కర్ మీద ఎన్ని గ్రాములని ఉందో అన్నే గ్రాములు ఎక్కించాడు. మూడేళ్లలో ఎవరూ ఆ స్టిక్కర్ చదవలేదు.

మధ్యలో చాయ్ తాగుతూ పాతకాలపు బండ్ల గ్యాస్ గురించి చెప్పాడు. అది ఆకాశంలో ఓజోన్‌ని తింటోందని 1987లో మాంట్రియల్‌లో దేశాలు కూర్చుని దాన్ని మెల్లగా బంద్ చేశాయి, దాని జాగాలో ఈ 134ఏ వచ్చింది. ఇది ఓజోన్‌ని తినదు కానీ వేడి పట్టి ఉంచడంలో కార్బన్ డయాక్సైడ్‌కి వెయ్యి రెట్ల పైమాటే. అంటే మూడు ఎండాకాలాలు నేను పద్దెనిమిది వందలు ఇచ్చి కొన్న గ్యాస్ మా దిల్‌సుఖ్‌నగర్ మీదికే వదిలానన్నమాట.

పాత కంప్రెషర్‌ని తూకానికి కట్టి ఏడువందలు తగ్గించుకుని 27,800 తీసుకున్నాడు. ఆరు నెలల వారంటీ అట్ట మీదే రాసి సంతకం పెట్టాడు. చిట్లిన రబ్బరు రింగు అడిగి తెచ్చుకున్నాను, నా టేబుల్ సొరుగులో ఉంది.

మంగళవారం పన్నెండున్నరకి కొత్తపేటలో అదే చోట ఇరుక్కున్నాం. అమ్మీ వెనకనుంచి "కొంచెం తగ్గించు, చలిగుంది" అంది. జిందగీలో అంత ఖుషీగా ఏ నాబ్ తిప్పలేదు నేను.

ఇంటిముందు కారు ఆపి ఆమెను దింపుతుంటే కింద నీళ్లు ధారగా కారుతున్నాయి. అమ్మీ ఆగిపోయింది.

"మళ్లీ లీకేజీయేనా?"

"కాదమ్మీ. గాలిలో తేమ లోపల చల్లబడి నీళ్లయి కారుతుంది. కారితేనే మంచిదట, ఉస్తాద్ చెప్పాడు."

ఆమె చెప్పు కొనతో ఆ తడి మట్టిని ఒకసారి తాకి, నా భుజం పట్టుకుని మెట్టెక్కింది.

"బాగుంది. దీనికేమో ధారలు. నాకేమో గ్లాసు లెక్క."