మైక్‌సెట్టు ఊళ్లో గిటార్ పెడళ్లు

మా అమ్మాయి పీయూసీ రెండో ఏడాదిలో ఉండగా ఎలక్ట్రిక్ గిటార్ కావాలంది. పోస్టాఫీసులో నెలనెలా కట్టిన ఐదేళ్ల ఆర్‌డీ అప్పుడే చేతికొచ్చింది. అందులోంచి 30 వేలు పక్కన పెట్టి, ఇంతకు మించి లేదని ముందే చెప్పేశాను. గిటార్ 14 వేలకు కుదిరింది. అసలు లెక్క ఆ తర్వాతే మొదలైంది. ఎలక్ట్రిక్ గిటార్ తనంతట తాను వినపడదు. యాంప్లిఫయర్ కావాలి, ధ్వనిని మార్చే పెడళ్లు కావాలి, వాటికి అడాప్టర్లు, కేబుళ్లు, ట్యూనర్ కావాలి. మిగిలిన 16 వేలలో దేనికి ముందు, దేనికి తర్వాత అన్నది గిటార్ ఎంపిక కంటే పెద్ద నిర్ణయం.

ఈ విషయం మీద ఇంగ్లిషులో దొరికే సలహాలు ఇంచుమించు ఒకే దారిలో నడుస్తాయి. మంచి ట్యూబ్ యాంప్, దాని ముందు ధ్వనికి గరగర తెచ్చే ఓవర్‌డ్రైవ్ పెడల్, ఆ తర్వాత ప్రతిధ్వనినిచ్చే డిలే, రివర్బ్. అమ్మాయి కూడా అదే చూసి వచ్చింది.

"నాన్నా, ట్యూబ్ యాంప్ లేకపోతే అసలు సౌండే రాదంటున్నారు."

"సరేనమ్మా, నువ్వు వాయించేది ఎక్కడ?"

చర్చిలో, కాలేజీ డేకి, వినాయక చవితి పందిట్లో, కుదిరితే జాతరలో రసమంజరి ఆర్కెస్ట్రాలో అంది. మా బళ్లారిలో గిటార్ వినపడే చోట్లు ఇవే. వీటిలో ఎక్కడా గిటార్ యాంప్ ఉండదు. ఉండేది మైక్‌సెట్టు. ఆహూజా యాంప్లిఫయర్, చిన్న మిక్సర్, రెండు వైపులా బాక్సులు. సింగర్‌కీ కీబోర్డుకీ డోలక్‌కీ అదే దిక్కు, గిటార్‌కీ అదే. మా డబ్బు ఎటు పోవాలో ఆ జవాబుతోనే తేలింది.

గిటార్‌కి డిస్టార్షన్ పెట్టి నేరుగా మైక్‌సెట్టులోకి ఇస్తే చెవులు చిల్లులు పడతాయి. "డైరెక్ట్ లైన్ వద్దు సార్, కీచుమంటాది" అని మా వీధి మైక్‌సెట్టు అతను ముందే హెచ్చరించాడు. గిటార్ యాంప్‌లో ఉండే స్పీకర్ ప్రత్యేకమైనది. సుమారు 5 వేల హెర్ట్జ్ దాటిన ధ్వనిని అది దాదాపుగా మింగేస్తుంది. డిస్టార్షన్‌లో పుట్టే గరగరంతా ఆ పై భాగంలోనే ఉంటుంది కాబట్టి మనకు గుండ్రటి, నిండైన నాదం మిగులుతుంది. మైక్‌సెట్టు బాక్సు మాటలకూ పాటలకూ తయారైనది, పై ధ్వనులన్నింటినీ నిజాయితీగా బయటకి పంపిస్తుంది. కాబట్టి ఆ స్పీకర్ చేసే పనిని మధ్యలో ఎవరో ఒకరు చెయ్యాలి. ఇప్పటి మల్టీ ఎఫెక్ట్స్ పెట్టెల్లో ఆ ఏర్పాటు ఉంది. యాంప్, స్పీకర్ రెండింటి స్వభావాన్నీ అనుకరించి, నేరుగా మిక్సర్‌కి ఇవ్వదగ్గ ధ్వని తయారుచేస్తాయి. అందులోనే ట్యూనర్, తాళానికి డ్రమ్ రిథమ్, రాత్రిపూట ఇంట్లో వాళ్లను లేపకుండా సాధన చేసుకోవడానికి హెడ్‌ఫోన్ జాక్ ఉంటాయి.

అలాంటి చిన్న పెట్టె ఒకటి 9 వేలకు కొన్నాం. ట్యూనర్, ఓవర్‌డ్రైవ్, కోరస్, డిలే విడివిడిగా పేరున్న కంపెనీవి కొత్తవి కొంటే ఇరవై వేలు దాటేది. దాని మీద యాంప్ ఖర్చు అదనం. అయితే మల్టీ ఎఫెక్ట్స్ పెట్టె ఆస్తి కాదు, ఆ సంగతి తెలిసే కొన్నాను. ఏటేటా కొత్త మోడల్ వస్తుంది, పాతదాని ధర పడిపోతుంది. మూడేళ్ల తర్వాత అమ్మితే సగం వస్తే గొప్ప. ఆ పోయే నాలుగున్నర వేలను నేను ట్యూషన్ ఫీజు పద్దులో రాశాను. తనకు ఏ ధ్వని కావాలో తెలుసుకోవడానికి పిల్ల కట్టే ఫీజు అది.

కొనేటప్పుడు 'నో కాస్ట్ ఈఎంఐ' కూడా ఎదురైంది. 12 వేల రూపాయల పెద్ద మోడల్, ఆరు నెలలు, నెలకు రెండు వేలే. వడ్డీ లేని అప్పు అనేది లేదని రిజర్వ్ బ్యాంక్ 2013లోనే బ్యాంకులకు గట్టిగా చెప్పింది. ఈ పద్ధతిలో వడ్డీ మొత్తాన్ని ముందే డిస్కౌంటుగా తగ్గించి, తిరిగి వాయిదాల్లో వసూలు చేస్తారు. ఏడాదికి 15 శాతం చొప్పున ఆ వడ్డీ సుమారు 500. దాని మీద 18 శాతం జీఎస్టీ 90 మన నెత్తినే. ప్రాసెసింగ్ ఫీజు 199 అనుకుంటే జీఎస్టీతో 235. మొత్తం 325 రూపాయలు. ఆ మొత్తం చూసి నేను భయపడలేదు. చేతిలో ఉన్న డబ్బుకి 9 వేల పెట్టె చాలని తేలాక, నెలవారీ సంఖ్య చిన్నగా కనిపించినందుకు 12 వేల దానివైపు మనసు జరగడమే నాకు నచ్చలేదు. వాయిదా ఉందంటే వస్తువు సైజు పెరుగుతుంది. సరదా వస్తువులకు వాయిదాలు వద్దన్నది మా ఇంట్లో గట్టి నియమం.

సంపాదన సంపాదనే, సరదా సరదానే అని కళను బతుకుతెరువు పక్కన ఉంచుకునే మర్యాద ఈ ఊళ్లో పాతదే. ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు, బళ్లారి రాఘవ, తెలుగు నాటకానికి దారి వేసిన ఈ ముగ్గురూ బళ్లారిలో వకీళ్లే. పగలు కోర్టు, సాయంత్రం సరస వినోదిని సభ, సుమనోరమ సభ. 1953 అక్టోబరు 1న బళ్లారి మైసూరు రాష్ట్రంలో కలిసింది, ఊళ్లో తెలుగు మాత్రం ఎక్కడికీ పోలేదు. రాఘవ కళామందిరం ముందు నుంచి వెళ్లినప్పుడల్లా నాకు ఆ వృత్తి సంగతే గుర్తొస్తుంది. పిల్ల గిటార్ వాయిస్తానంటే నేను అడ్డు చెప్పలేదు. డిగ్రీ మాత్రం ఆపొద్దన్నాను.

మళ్లీ లెక్కలోకి వస్తాను. 14 వేలు, 9 వేలు పోగా ఏడు వేలు మిగిలాయి. అందులో మొదటి రెండు వేలు గిటార్ సెటప్‌కి, తీగలకి పెట్టాను. చవక గిటార్‌ని ఖరీదైన గిటార్‌లా పలికించే ఖర్చు ఇదొక్కటే అని నా గట్టి నమ్మకం. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన గిటార్‌కి తరచూ తీగలు మెట్లకు ఎత్తుగా ఉంటాయి, వేళ్లు నొప్పెడతాయి, పిల్లలు రెండు నెలల్లో మానేస్తారు. మెడ లోపల ఉండే ఇనుప కడ్డీని కొద్దిగా తిప్పి వంపు సరిచేసి, తీగల ఎత్తు తగ్గిస్తే అదే గిటార్ చేతికి లొంగుతుంది. బళ్లారి ఎండలు 40 డిగ్రీలు దాటుతాయి, గాలి పొడిగా ఉంటుంది. కాబట్టి చెక్క మెడ ఏటా కొంత కదులుతుంది. ఈ సెటప్ ఖర్చు ఏటా ఉంటుందనుకుని పద్దులో రాసుకోవడం మంచిది. తీగలు 9 నంబరు సెట్టు, అంటే సన్నవి. కొత్తవాళ్ల వేళ్లకు అవే మేలు.

కేబుళ్లు కొట్లో కొనలేదు. మైక్‌సెట్టు అతను మంచి షీల్డ్ వైరు, నాలుగు మోనో పీ-38 జాక్‌లు తెచ్చి కళ్లముందే సోల్డర్ పెట్టి ఇచ్చాడు. మూడు మీటర్లవి రెండూ కలిపి 800. జాక్ మూత విప్పి చూస్తే లోపల ఏం జరిగిందో అమ్మాయికి అర్థమైంది. మధ్య తీగ కొనకి, అల్లిక తీగ ఒంటికి, పక్కన క్లిప్పు వైరును బిగించి పట్టుకుంటుంది. వాయిస్తుంటే టక్కున ధ్వని పోయే జబ్బు పదికి తొమ్మిదిసార్లు అక్కడే పుడుతుంది. ఇప్పుడు తనే సోల్డరింగ్ ఐరన్ పట్టుకుంటుంది. కొట్లో అమ్మే కేబుళ్లలో కొన్నింటికి జాక్ విప్పడానికి వీలుండదు, తెగితే బాగుచేసుకోవడం కష్టం.

అడాప్టర్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. పెడళ్లు పోయేది వాయించడం వల్ల కాదు, తప్పు అడాప్టర్ వల్ల. గిటార్ పెడళ్లలో ఎక్కువ భాగం 9 వోల్టుల డీసీ మీద నడుస్తాయి, పిన్ను మధ్యలో మైనస్, బయట ప్లస్. పెడల్ వెనక చిన్న బొమ్మ ఉంటుంది. మధ్యలో ఒక చుక్క, చుట్టూ విరిగిన వలయం, అటూ ఇటూ ప్లస్, మైనస్ గుర్తులు. మైనస్ ఉన్న గీత మధ్య చుక్కకి కలిసిందో లేదో చూసుకోవాలి. పందిట్లో పక్కనే యమహా కీబోర్డు అడాప్టర్ పడి ఉంటుంది, దాని పిన్ను ఇందులో చక్కగా పడుతుంది. కాని అది 12 వోల్టులు, మధ్యలో ప్లస్. హడావుడిలో గుచ్చితే పెడల్ అక్కడికక్కడే కాలిపోవచ్చు. అందుకే మా అడాప్టర్ పిన్ను మెడకు అమ్మాయి ఎర్ర టేపు చుట్టింది. మిల్లీ ఆంపియర్లూ చూడాలి. మామూలు డిస్టార్షన్ పెడల్ పదిలోపు తాగుతుంది, డిజిటల్ డిలేకి యాభై పైన కావాలి, మల్టీ ఎఫెక్ట్స్ పెట్టెకి ఏకంగా 500 కావచ్చు. అడాప్టర్ మీద అంకె పెడల్ అడిగిన దానికంటే ఎక్కువున్నా నష్టం లేదు, తక్కువుండకూడదు.

జనరేటర్ మీద నడిచే పందిళ్లలో ఎర్త్ ఉందో లేదో ఎవరూ చూడరు. గిటార్ పెడళ్లు ఒక బోర్డు నుంచి, మిక్సర్ ఇంకో బోర్డు నుంచి కరెంటు తీసుకుంటే, తీగలు పట్టుకుని మైకుకు పెదవి తగిలించినప్పుడు షాక్ కొట్టే ప్రమాదం ఉంది. రెండూ ఒకే బోర్డు నుంచి తీసుకోమని, మూడో పిన్ను ఎప్పుడూ తీయించొద్దని, మైకు పట్టుకునే ముందు టెస్టర్‌తో తాకి చూడమని చెప్పాను. మొత్తం సామగ్రిలో అతి చవకైనది ఆ టెస్టరే. అది లేకుండా నేను పిల్లను స్టేజీ ఎక్కనివ్వను.

బ్యాగుకి 1,200 పోగా మూడు వేలు మిగిలాయి. వాటిని తీగలకూ వచ్చే ఏడాది సెటప్‌కీ అట్టే పెట్టాం.

కొంతకాలం వాయించాక ఏ ధ్వనులు వాడుతున్నావని అడిగాను. పెట్టెలో పదుల కొద్దీ ఉన్నా, తన చేయి వెళ్లేది నాలుగింటికే. పాటకు వెనక కార్డ్స్ వాయించేటప్పుడు కొద్దిపాటి రివర్బ్‌తో శుభ్రమైన ధ్వని. మెలడీ పాటలకు దానికి తోడు కోరస్. చర్చి పాటలకు డిలే. పాట మధ్యలో బిట్ వచ్చినప్పుడు ఓవర్‌డ్రైవ్. ఇవి కాక వా పెడల్ ఒకట్రెండు పాటలకే. ఈ నాలుగింటిలో పెట్టె ఇచ్చే ఓవర్‌డ్రైవ్ ఒక్కటే తనకి తృప్తినివ్వలేదు. చేతి ఒత్తిడికి తగ్గట్టు పలకడం లేదంది. మొదటి విడి పెడల్ ఏదో అలా తేలింది.

అది కొత్తది కొనలేదు. బాస్ కంపెనీ ఎస్‌డీ-1 ఓవర్‌డ్రైవ్ 1981లో వచ్చింది, ఇప్పటికీ తయారవుతోంది. వాళ్లదే డీఎస్-1 డిస్టార్షన్ ఇంకా పాతది, 1978 నాటిది. నలభై ఏళ్లు దాటినా మోడల్ మారని వస్తువుకి సెకండ్‌హ్యాండ్ ధర నిలకడగా ఉంటుంది. బెంగళూరులో ఒకరు ఎస్‌డీ-1 మూడు వేలకు ఇస్తానంటే రాత్రి హంపి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. బళ్లారి నుంచి గుంతకల్లు, అనంతపురం మీదుగా ఆంధ్రలో తిరిగి మళ్లీ కర్ణాటకలోకి వచ్చే బండి అది. పెడల్ తీసుకున్న రోజే ఎస్.పి. రోడ్డులో జాక్‌లు, వైరు కూడా తెచ్చుకున్నాం.

సెకండ్‌హ్యాండ్ పెడల్ చూసేటప్పుడు మన అడాప్టర్, మన కేబుల్ తీసుకెళ్లాలి. అమ్మేవారి అడాప్టర్‌తో చూస్తే లోపం దేనిదో తెలియదు. నాబ్‌లు ఒక్కొక్కటే మెల్లగా తిప్పితే గరగర వినిపించకూడదు. కొంచెం వస్తే క్లీనర్ స్ప్రేతో పోతుంది, ధర తగ్గించమని అడగొచ్చు. కాలి స్విచ్ పదిసార్లు నొక్కితే పదిసార్లూ లైటు వెలిగి ఆరాలి. బ్యాటరీ గది మూత తీసి పచ్చటి చిలుము ఉందేమో చూడాలి. బ్యాటరీ మాటొచ్చింది కనుక ఇదీ చెబుతాను: ఈ పెడళ్లలో ఇన్‌పుట్ జాకే స్విచ్. వాయించడం అయ్యాక కేబుల్ గుచ్చి వదిలేస్తే తెల్లారేసరికి బ్యాటరీ తగ్గిపోతుంది.

ఆ పెడల్‌ని మల్టీ ఎఫెక్ట్స్ పెట్టె ముందు తగిలించింది. గిటార్ నుంచి ఓవర్‌డ్రైవ్, అక్కడి నుంచి పెట్టెలోని కోరస్, డిలే, రివర్బ్, ఆ తర్వాత మిక్సర్. ఈ వరుసకి కారణం ఉంది. గరగర ముందు పుట్టి ప్రతిధ్వని తర్వాత వస్తే ప్రతి దెబ్బా విడిగా వినపడుతుంది. ప్రతిధ్వనులన్నీ కలిపి ఓవర్‌డ్రైవ్‌లోకి పంపిస్తే ముద్దయిపోతుంది. మూడు వేల పెడల్ రేపు అమ్మినా రెండున్నరకు తక్కువ రాదు. అంటే దాని నిజమైన ఖర్చు ఐదొందలు. పెట్టెకి నాలుగున్నర వేలు పోతాయని రాసుకున్న పద్దు పక్కనే ఇదీ రాశాను. ఏది కొత్తది కొనాలి, ఏది పాతది కొనాలి అని ఇంకెవరైనా అడిగితే నేను ఆ రెండు పద్దులే చూపిస్తాను.

రసమంజరి వాళ్లు ఇచ్చిన మొదటి డబ్బులతో ఏం కొనాలన్నది అమ్మాయే నిర్ణయించింది. స్టేజీ నుంచి మిక్సర్ దాకా ఇరవై మీటర్లు ఉంటే మామూలు పీ-38 కేబుల్‌లో రొద పట్టుకుంటుంది. డీఐ బాక్స్ అనే చిన్న డబ్బా ఆ లైనును మూడు పిన్నుల క్యానన్ మైకు కేబుల్‌కి మార్చి రొద తగ్గిస్తుంది. పాసివ్ రకం రెండు వేల లోపే దొరికింది. దానికి కరెంటు అక్కర్లేదు, లోపల ట్రాన్స్‌ఫార్మర్ తప్ప పాడయ్యేది పెద్దగా ఏమీ లేదు. అది కొంది. వా పెడల్ కావాలని మనసులో ఉంది, నాకు తెలుసు. ఆర్కెస్ట్రాలో పెద్ద గిటారిస్టు దగ్గర ఒకటుంది, ఆ ఒకట్రెండు పాటలున్న రోజు అడిగి తెచ్చుకుంటుంది. యాంప్ ప్రస్తావన మళ్లీ రాలేదు. పెడల్‌బోర్డు మా వడ్రంగి అన్న మిగిలిన ప్లైవుడ్ ముక్కతో చేసిచ్చాడు, దాని మీద వెల్క్రో అతికించడానికి 150 అయింది.