దేవుడి వాటా దేవుడికే... అప్పనపల్లి!

ఓ పక్క వైనతేయ గోదావరి... మరో పక్క కొబ్బరితోటలు... మధ్యలో బాలబాలాజీ. కోనసీమ యాత్రలో అప్పనపల్లిది ప్రత్యేక స్థానం. పూర్వం అప్పన అనే ముని ఇక్కడ తపస్సు చేయడంవల్లే ఊరికి ఆ పేరొచ్చిందంటారు స్థానికులు.

ఇక్కడి ఆలయం రాజులు కట్టించింది కాదు. మొల్లేటి రామస్వామి అనే కొబ్బరి వ్యాపారి సంకల్పం. తన వ్యాపారంలో వెంకటేశ్వరస్వామికీ వాటా ఉందని ఆయన నమ్మేవారట. లాభంలో కొంత స్వామి పేరిట పక్కన పెట్టేవారట. ఆ సొమ్మే చివరికి గుడికి పునాది అయిందని చెబుతారు. కాగితం లేదు, సాక్షి సంతకం లేదు. ఉన్నదల్లా మాటే!

భక్తులు నిత్యాన్నదానానికి ఇచ్చే విరాళం వెనకా అలాంటి నమ్మకమే ఉంటుంది. దేనికోసం ఇచ్చామో దానికే వాడతారని. గుడి భూముల విషయంలో ఆ నమ్మకానికి చట్టం అండ కూడా ఉంది. 1987 నాటి దేవాదాయ చట్టం ప్రకారం కమిషనర్ ముందస్తు అనుమతి లేకుండా వాటిని అమ్మినా, తాకట్టు పెట్టినా చెల్లదు.

బడి స్థలం మాటేమిటి?

పల్లెల్లో ఎన్నో బడులు దాతలిచ్చిన జాగాల్లో వెలిసినవే. పిల్లల చదువుకోసం, ఆటలకోసం ఇచ్చిన నేల అది. కానీ ఊళ్లో కొత్త ఆఫీసు కట్టాలంటే ముందు కళ్లు పడేదీ ఆ ఖాళీ స్థలంమీదే. గ్రామ సచివాలయాలు, రైతు భరోసా కేంద్రాల విషయంలో రాష్ట్రంలో చాలాచోట్ల అదే జరిగింది. ఫిర్యాదులు హైకోర్టుదాకా వెళ్లాయి. ప్రభుత్వ పాఠశాలల ఆవరణల్లో వాటిని కట్టొద్దని 2020లో న్యాయస్థానం ఆదేశించింది. అయినా పనులు ఆగలేదు. దాంతో కోర్టు ధిక్కారం కింద 2022 మార్చి 31న ఎనిమిది మంది ఐఏఎస్ అధికారులకు రెండువారాల జైలుశిక్ష పడింది. వాళ్లు క్షమాపణ చెప్పడంతో శిక్షను మార్చి, సంక్షేమ హాస్టళ్లలో నెలకో ఆదివారం సేవ చేయమంది.

పంచాయతీ ఆఫీసూ ప్రజలకోసమేగా అనొచ్చు. నిజమే. కానీ దాత ఇచ్చింది పంచాయతీకి కాదు, పిల్లలకి. ఆ తేడా మరిచిపోతే రేపు ఊరికి సెంటు భూమి ఇవ్వడానికి ఎవరు ముందుకొస్తారు?

ఎలా వెళ్లాలి?

రాజమండ్రి వరకూ రైల్లో వచ్చి, రావులపాలెం మీదుగా అమలాపురం చేరుకోవాలి. అక్కణ్నుంచి బోడసకుర్రు-పాశర్లపూడి వంతెన దాటితే మామిడికుదురు మండలం వస్తుంది. అప్పనపల్లి ఆ మండలంలోనిదే. దర్శనం తర్వాత అన్నప్రసాదం తీసుకుని కాసేపు ఏటిగట్టున కూర్చుంటే... ప్రయాణ బడలికంతా తీరిపోతుంది.